తెర మీద గట్టు

ఆ రోజుల్లో నాకు తెరను రెండుగా చీల్చడం వచ్చు. చీల్చాక ఏం చెయ్యాలో రాదు. చేతికి కొత్తగా ఒక పనిముట్టు దొరికితే మనిషి ఊరుకోలేడు కదా. ఇంగువ వాడటం అప్పుడే నేర్చుకున్న కొత్తకోడలు పాయసంలో కూడా వేసినట్టు, నేను రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ తెర నడుమ ఒక నిలువు పట్టీ దిగ్గొట్టేదాన్ని. మౌసు బాణం ఆ పట్టీ మీదికి పోగానే రెండు తలల బాణమవుతుంది. నొక్కిపట్టి లాగితే ఒక పక్క గది పెరుగుతుంది, రెండో పక్క గది తరుగుతుంది. అంతే సంగతి. కానీ చదువు పూర్తయిన కొత్తలో, నరసరావుపేట బస్టాండు ఎదురుగా బేకరీ మేడ మీద ఉన్న మా చిన్న ఆఫీసులో, నాకు అదొక మహాద్భుతం. కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమంటున్నా ఆ పట్టీని అటూ ఇటూ జరుపుతూ కూర్చునేదాన్ని. (చూసేవాళ్ళకు ఉయ్యాల్లో పిల్లాణ్ణి జోకొడుతున్నట్టు ఉండేదట.)

ఆఫీసు యజమానిని మేమంతా వర్షన్ మావయ్య అనేవాళ్ళం. ఆయన నోట వర్షన్ లేకుండా మాట వచ్చేది కాదు. సాంబారు పలచగా ఉంటే "ఇది లైట్ వర్షన్" అనేవాడు, జుట్టుకు రంగేసుకున్న రోజు "పాత వర్షనే, పైన కొత్త రంగు" అని తన మీద తనే జోకేసుకునేవాడు. నన్ను చేర్చుకున్ననాడే తేల్చి చెప్పాడు: "ఇప్పటికి నువ్వు ట్రయల్ వర్షన్‌వి అమ్మాయ్. నువ్వు చేసిన ప్రోగ్రాం ఒక్కటన్నా కస్టమర్ దగ్గర నిలబడితే పర్మనెంటు. తిరిగొచ్చిందా, దాంతో పాటే నువ్వూ ఇంటికి." మా అమ్మ అప్పటికే వీధి వీధంతా తిరిగి నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరునని చెప్పేసింది. కనక నిలబడాల్సింది నా ప్రోగ్రాం ఒక్కటే కాదు, మా అమ్మ పరువు కూడా.

ఆ నిలబడాల్సిన ప్రోగ్రాం మాచర్లలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు. యజమానులు ఇద్దరన్నదమ్ములు. ఊళ్ళో అందరికీ వాళ్ళు పెద్దాయన, చిన్నాయన. తండ్రి పోయాక పొలాలు పంచుకున్నారు, లారీలు పంచుకున్నారు. ఆఫీసు గదినీ, వాకిట్లో బోర్డునూ, ఒకే ఒక్క కంప్యూటరునూ మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు. తండ్రి పేరున్న ఆ బోర్డును చూసే లోడ్లు వస్తాయనీ, గది చీలితే ఆ పేరు కూడా చీలిపోతుందనీ ఇద్దరికీ తెలుసు. వాళ్ళకు కావలసింది చిన్న పని: తెర మీద ఎడమ పక్క పెద్దాయన లారీలు, కుడి పక్క చిన్నాయన లారీలు, ఏ బండి ఎక్కడుంది, డ్రైవరు ఎవరు, లోడేమిటి అన్నది కనపడాలి. తెరకు రెండు గదులు అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. పట్టీ అడిగినవాళ్ళు లేరు. అయినా పెట్టాను.

ప్రోగ్రాం చూపించడానికి పిడుగురాళ్ల మీదుగా బస్సులో ఊగుతూ వెళ్ళాను. అన్నదమ్ములిద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. లారీలన్నీ చూపించి, ఆఖర్న, గారడీవాడు బుట్ట ఎత్తినంత ధీమాగా, ఆ పట్టీని పట్టుకుని సర్రున జరిపాను. ఇద్దరూ ఒక్కసారే తెర మీదికి వంగారు.

"ఏందమ్మాయ్ అది, జరుగుద్దా?" అన్నాడు పెద్దాయన.

"మీ ఇష్టమొచ్చినంత జరుగుద్దండీ."

"ఎవురైనా జరపొచ్చా?" అన్నాడు చిన్నాయన.

"ఎవరైనా సరే! మౌసు చేతిలో ఉంటే చాలు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది నా విద్యకు ఆశ్చర్యమనుకుని మురిసిపోయాను. (పల్నాడులో పక్కపక్క చేలవాళ్ళు అలా చూసుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ముందుగా కర్రలు దాచేస్తారని తర్వాత తెలిసింది.) మా నాన్న బస్టాండులో కంట్రోలర్, మాకు కుండీలో మట్టి తప్ప వేరే భూమి లేదు. రెండు చేల నడుమ గట్టు ఉంటుందనీ, దున్నేటప్పుడు దాన్ని ఏటా కాస్త కాస్త చెక్కి తమ చేలో కలుపుకునే కళ ఒకటి ఉందనీ, దాని మీద తరాల తరబడి తగాదాలు నడుస్తాయనీ నాకెలా తెలుస్తుంది?

మొదటి ఫోను చిన్నాయన దగ్గర్నుంచి వచ్చింది. "అమ్మాయ్, మా అన్న గట్టు చెక్కతన్నాడు."

"ఏ గట్టండీ?"

"యాడిదో ఎందుకు, నువ్వేసిన గట్టే!"

విషయమేమంటే, పెద్దాయన పొద్దున్నే అగరొత్తి వెలిగించి, కంప్యూటరుకు దణ్ణం పెట్టుకుని, పట్టీని కాస్త కుడికి నెట్టి కూర్చునేవాడు. చిన్నాయన వచ్చీ రాగానే దాన్ని ఎడమకు నెట్టేవాడు. భోజనాల తర్వాత మళ్ళీ కుడికి. నెట్టుకునేంత లారీలు ఇద్దరికీ లేవు. చోటు ఖాళీగా ఉన్నా సరే, అది ఎవరి ఖాళీ అన్నదే ప్రశ్న. నేను ఫోన్లో నవ్వి, "సర్దుకుపోండి సార్" అన్నాను. (నవ్వినదానికి ఫలితం వెంటనే దక్కింది.)

రెండో ఫోను రావడమే కేకతో వచ్చింది. "నా లారీలన్నీ మాయమైనయ్! ఒక్క బండీ ల్యా! మా అన్న నన్ను తుడిచేశాడు!" ఎవరూ ఎవర్నీ తుడవలేదు. పెద్దాయన ఆ రోజు ఉత్సాహంలో పట్టీని కుడి అంచు దాకా నెట్టేశాడు, చిన్నాయన గది మూసుకుపోయింది. ఏ గదీ ఇంతకంటే తగ్గకూడదని ఒక హద్దు పెట్టాలి. ఒకే ఒక్క లైను. ఆ లైను నేను రాయలేదు. వర్షన్ మావయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు. "చిన్నాయన మేస్త్రీని పిలిపించాడంట అమ్మాయ్, గదికి అడ్డంగా గోడ కట్టడానికి. గోడ లేస్తే వాళ్ళకు నీ ప్రోగ్రాంతో పన్లేదు, నాకు నీతో పన్లేదు. బస్సెక్కు."

నేను వెళ్ళేసరికి వాకిట్లో ఇటుకలు దిగి ఉన్నాయి. విండోలు చేసే ఉద్యోగంలో చేరి గోడలు కట్టించే స్థాయికి ఎదిగానన్నమాట. లోపల అన్నదమ్ములకు మాటల్లేవు. ఏదన్నా ఉంటే మేస్త్రీ ద్వారానే. అయితే మధ్యాహ్నం పెద్దాయన ఇంటి నుంచి ఎప్పట్లాగే ఒకే క్యారియరు వచ్చింది, ఇద్దరూ ఎప్పట్లాగే ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. "మేస్త్రీ, గోంగూరలో ఉప్పు తగ్గిందని ఆయనకు చెప్పు," అన్నాడు చిన్నాయన. "చేసింది వాళ్ళ వదినేగా, ఇంటికి పోయి ఆమెకే చెప్పుకోమను," అన్నాడు పెద్దాయన, ఉప్పు డబ్బా తమ్ముడి వైపు తోస్తూ.

చేతులు కడుక్కున్నాక పట్టీని వెనక్కి లాగాను. చిన్నాయన లారీలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. ఆయన ఒక్కొక్క బండినీ వేలితో తాకి చూసుకుని, గుండె కుదుటపడ్డాక అడిగాడు: "సరే, ఇప్పుడు సగం యాడ?"

సగానికి నా దగ్గర లెక్క ఉంది. వాళ్ళ దగ్గర టేపు ఉంది. మేస్త్రీ చేత మానిటర్ అద్దాన్ని కొలిపించారు. కొలుస్తుంటే కొత్త తగువు లేచింది: పట్టీకి కూడా సన్నగా మందం ఉంది కదా, అది ఎవరి వాటాలోకి వస్తుంది?

"ఎవరిదీ కాదండీ, మధ్యలో ఊరికే ఉంటుంది," అన్నాను.

"ఎవురిదీ కాని గట్టు యాడన్నా ఉంటదా అమ్మాయ్?" అన్నాడు చిన్నాయన జాలిగా, నా చదువు మీద అప్పటిదాకా ఉన్న కాస్త గౌరవమూ వదిలేస్తూ.

పెద్దాయన గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: "అది ఉమ్మడి గట్టు. ఇద్దరం నడవొచ్చు, ఎవురం దున్నకూడదు. కానీ హద్దురాయి పాతకుండా గట్టేంది? రాయి పాతు."

తెర మీద రాయి ఎలా పాతాలి? ఆలోచించి పట్టీ నడిమధ్యన మూడు బూడిదరంగు చుక్కలు పెట్టాను. లోకంలో ఏ ప్రోగ్రాంలోనైనా ఆ చుక్కలకు 'ఇక్కడ పట్టుకుని లాగండి' అని అర్థం. మాచర్లలో 'ముట్టుకుంటే మర్యాద దక్కదు' అని అర్థం. పెద్దాయన అగరొత్తుల పక్కన ఉన్న కుంకుమ తీసుకుని, సరిగ్గా ఆ చుక్కల మీద అద్దానికి బొట్టు పెట్టాడు. నేను పట్టీ కదలకుండా తాళం వేసేశాను. (తాళం వేశాక ఇంకా హద్దు లైను ఎందుకులే అని మళ్ళీ రాయలేదు. నా తెలివి అంత.) మేస్త్రీ వెళ్ళిపోయాడు. ఇటుకల్ని మాత్రం ఎందుకైనా మంచిదని వాకిట్లోనే పేర్చి ఉంచారు.

కొన్నాళ్ళు ఫోన్లు లేవు. మిర్చి కాలం వచ్చింది. చిన్నాయనకు దుర్గి వైపు ఊళ్ళ నుంచి గుంటూరు యార్డుకు బస్తాలు తోలే పని బాగా తగిలి, అద్దె లారీలు కూడా పెట్టాడు. అప్పుడు ఫోన్ చేసింది పెద్దాయన, గొంతు తగ్గించి.

"అమ్మాయ్, ఆ గట్టు మళ్ళీ జరిగేట్టు చెయ్యాల."

"వద్దండీ బాబూ! ఇటుకలు ఇంకా అక్కడే ఉన్నాయిగా!"

"లాక్కోటానికి కాదమ్మా. వాడి పక్కన ఇరుకైపోయింది. డ్రైవర్ల పేర్లు సగమే కనపడతన్నయ్. నిన్న ఒకణ్ణి తిట్టబోయి ఇంకోణ్ణి తిట్టాడు, ఆడు బండి దిగి ఇంటికి పోయాడు. నా పక్క బో ఖాళీ. కాస్త జరిపి ఇస్తా."

"మరి ఆయన్నే అడగమనండి."

"వాడు అడగడు. నా తమ్ముడు గదా." గొంతు ఇంకా తగ్గించి అన్నాడు: "ఇచ్చేట్టు చెయ్యి. తీసుకునేట్టు చెయ్యమాక."

ఇంత మంచి స్పెసిఫికేషను నాకు ఆ తర్వాత కూడా ఎవరూ ఇవ్వలేదు. ఎవరి పాస్‌వర్డు వాళ్ళకు పెట్టాను. ఎవరు లోపలికొచ్చినా పట్టీ వాళ్ళ వైపుకే జరుగుతుంది. అంటే ఇవ్వగలరు గానీ లాక్కోలేరు. లాలించే తల్లిలాగా ఆ కోడును రెండు మూడు సార్లు చదువుకుని, మాచర్ల పంపించి, కళ్ళు తుడుచుకున్నంత పని చేశాను.

చిన్నాయన ఫోను రానే వచ్చింది. "ఏందమ్మాయ్, మా అన్న నాకు దానం చేస్తన్నాడంటగా? నేనేమన్నా చెయ్యి చాపానా? ఆయనేనా ఇచ్చేవాడు, నేనియ్యలేనా?" అని, తన పాస్‌వర్డు కొట్టి, అన్న ఇచ్చినదంతా తిరిగి ఇచ్చేసి, పైన ఇంకాస్త ఇచ్చాడట. పెద్దాయన ఊరుకుంటాడా? తమ్ముడి దగ్గర పుచ్చుకునే రకమా? ఆయన ఇంకా ఎక్కువ ఇచ్చాడు. ఈ దానయుద్ధం ముదిరి, ఒకనాడు చిన్నాయన తన గదిని పూర్తిగా మూసేసి మొత్తం తెరను అన్నకు ధారపోశాడు. ఆ పూట దుర్గిలో మిర్చి ఎక్కించుకున్న బండి, ఎవరికీ కనపడక, ఎటు పోవాలో చెప్పేవాళ్ళు లేక, ఎండలో అలాగే నిలబడింది.

"అమ్మాయ్," పెద్దాయన గొంతులో నిజమైన బాధ, "నా లారీలు నాకు బెమ్మాండంగా కనపడతన్నయ్. వాడివే వాడికి కనపడట్లా. ఇస్తే పుచ్చుకోడు. నేనంటే బొత్తిగా లెక్కల్యాకుండా పోయింది."

వర్షన్ మావయ్య నన్ను తన గదిలోకి పిలిచాడు. ఇంటికి పంపడానికేనని బ్యాగు కూడా భుజాన వేసుకునే వెళ్ళాను. "లాక్కున్నా కంప్లైంటే, ఇచ్చుకున్నా కంప్లైంటే," అన్నాడు తల పట్టుకుని. "ఇదేం వర్షనమ్మాయ్? నిలువు గీత తీసెయ్. అడ్డగీత పెట్టు. పైన పెద్దాయన, కింద చిన్నాయన. పేర్లు పూర్తిగా కనపడతయ్, గొడవ వదిలిపోద్ది."

సాంకేతికంగా చాలా మంచి సలహా. నెల ముందైతే ఎగిరి గంతేసేదాన్ని. కానీ నా నోట నాకే తెలియకుండా వేరే మాట వచ్చింది. "వద్దు మావయ్యా. పైన ఒకరు కింద ఒకరు అంటే ఎగువ చేనూ దిగువ చేనూ అయిపోద్ది. గట్టు తగాదా పోయి కాలవ నీళ్ళ తగాదా పట్టుకుద్ది."

ఆయన నన్ను కాసేపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మరేం చేద్దామంటావ్?"

"రెండు పక్కలా ఇంతకంటే తగ్గకూడదని హద్దు పెడతా. ఆ నడుమ ఎవరు ఎటు జరుపుకున్నా, తాళాల్లేవు, పాస్‌వర్డుల్లేవు. వాళ్ళ గట్టు వాళ్ళిష్టం."

మావయ్య పకపకా నవ్వాడు. "ఆ బ్యాగు దించు," అన్నాడు. "రేపట్నుంచి మాచర్ల పనంతా నీదే. జీతం కూడా అందరితో పాటే పడుద్ది." పర్మనెంటు అనే మాటను ఎదురుచూసినంత గంభీరంగా ఎవరూ చెప్పరని అప్పుడే తెలిసింది.

ఎప్పుడో రాయాల్సిన ఆ లైను రాసుకుని, స్వయంగా మాచర్ల వెళ్ళి పెట్టి వచ్చాను. నా కళ్ళెదుటే పెద్దాయన పట్టీని ఒకసారి ఎడమకు నెట్టాడు, చిన్నాయన వచ్చి "ఏంది నీ పెత్తనం?" అని కుడికి నెట్టాడు, పెద్దాయన "నీకు చూపు మందగించిందిరా, అందుకే జరుపుతున్నా" అన్నాడు, ఇక ఆ తర్వాత మాటలు మిర్చి ధర మీదికీ, వదిన మోకాళ్ళ నొప్పుల మీదికీ మళ్ళాయి. నన్ను బస్సు దాకా దించడానికి వచ్చిన పెద్దాయన, "నువ్వు తాళమేసినన్నాళ్ళూ ఆ గదిలో నోరు తెరవటానికి మాకేమీ దొరకలేదమ్మాయ్," అన్నాడు. నేనది పొగడ్త అనుకుని థాంక్సండీ అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రెంటచింతల వడగాలి మొహాన కొడుతున్నా, ఒకే ఒక్క లైనుతో అన్నదమ్ముల్ని కలిపానన్న గర్వంతో, లేని మీసం మెలేసుకుంటూ కూర్చున్నాను. ఇదంతా ఏళ్ళనాటి మాట. ఇప్పుడు పెద్ద ఆఫీసులో, కొత్తగా చేరిన పిల్లలు రాసిన తెరల్లో తప్పులు వెతకడమే నా పని. పట్టీలు అతిగా పెట్టేవాళ్ళు ఏటా ఒకరైనా తగులుతారు. కొట్టేయాలని చెయ్యి పోతుంది, ఆగుతుంది. ఆ బస్సులో కూర్చున్న పిల్ల నాకు మళ్ళీ ఎదురైతే తప్పులేమీ ఎంచను. "కాస్త జరుగమ్మా," అంటాను. జరిగితే, పక్కన కూర్చుని, ఆ గర్వంలో నేనూ కొంచెం చోటు చేసుకుంటాను.