ఆదివారం ఐదు నిమిషాలు

మా అమ్మాయి తొమ్మిదో తరగతికి జనగామలో హాస్టల్లో చేరింది. మేముండేది భూపాలపల్లిలో, బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో. వారానికోసారి, ఆదివారం పొద్దున, వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ ఐదు నిమిషాల కోసం నేను వారమంతా కాచుకొని ఉంటే, మా మహాతల్లి స్పీకర్ పెట్టి, "బాగున్ననమ్మా, తిన్ననమ్మా" అని తెలుగులో అప్పజెప్పేది.

మాది మహబూబాబాద్ దగ్గర తండా. ఇంట్లో లంబాడీలోనే మాట్లాడుకుంటాం. మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను "యాడీ" అని పిలిచిన పిల్లకు హఠాత్తుగా "అమ్మ"నయ్యాను. నేను మా భాషలో అడిగితే తెలుగులో జవాబు! తోటి పిల్లల ముందు తండా మాటంటే నామోషీ కాబోలు అనుకున్నాను. ఇంకో ఏడాదైతే నేనన్నా నామోషీ అవుతుందని భయం పట్టుకుంది. మా ఆయనకు చెబితే, పెద్దదవుతోంది, వదిలెయ్యమన్నాడు. ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు.

తల్లిదండ్రులను రానిచ్చే రోజున రెండు బస్సులు మారి వెళ్లాను. గేటు దగ్గరే, అందరి ముందూ, కావాలనే మా భాషలో దాన్ని దులిపేశాను. దాని పక్కనున్న సన్నటి పిల్ల ఏమీ అర్థంకాక మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. మా అమ్మాయి నన్ను చెయ్యి పట్టి పక్కకు లాక్కెళ్లింది.

"ఆ పిల్లకు అమ్మ లేదు. ఫోన్ చేసేటోళ్లు ఎవ్వరు లేరు. ఆదివారం నా పక్కన నిలబడి నీ మాటలే ఇంటది. మన మాటల మాట్లాడితే దానికేం సమజైతది?"

"గిది ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది? మన మాటల చెప్తే దానికి తెల్వదు గద!"

"దాని ముంగట్నే దాని గురించి చాటుగ మాట్లాడాల్నా?"

పద్నాలుగేళ్ల పిల్లకున్న తెలివి నాకు లేకపోయిందని సిగ్గేసింది. ఒళ్లూ మండింది. వారానికి నాకున్నవే ఐదు నిమిషాలు, అందులోనూ వాటాయేనా?

తర్వాతి ఆదివారం నేనే తెలుగులో మొదలుపెట్టాను. "ఏం తిన్నరు బిడ్డా, ఇద్దరు?"

జవాబుగా ఆ పిల్ల గొంతు వినిపించింది. ఉప్మా తిన్నామంది. లెక్కల పరీక్ష గురించి చెప్పింది. పన్ను నొప్పి పెడుతోందట, ఎవరికీ చెప్పలేదట. ఇక ఆగలేదు. నా బిడ్డ గొంతు ఒక్క ముక్క కూడా వినలేదు, అవతల వార్డెన్ టైమైందంటోంది. చిరాకుతో నాకు ఏడుపొక్కటే తక్కువ.

"లవంగం నమిలి ఆ పంటి కింద పెట్టుకో బిడ్డా!" అని అరిచాను, ఫోన్ కట్టయ్యేలోగా.