ఆయమ్మ వేషంలో కొట్టిన లాంగ్ బెల్

చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. ఆ నమ్మకముంటే ఎప్పుడో చెప్పేదాన్ని. పదో తరగతిలో నెత్తికెత్తుకున్నాను దీన్ని. తరవాత డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, పెళ్లయింది, కొడుకు పుట్టాడు. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ధైర్యం వచ్చి కాదు. ఈ భయాన్ని మోయడం ఇక నా ఒక్కదాని వల్ల కావడం లేదు.

నేను టీచర్ని. చిక్కడపల్లిలో ఒక సందులో, పాత ఇంటి మీద అంతస్తులు లేపి నడుపుతున్న చిన్న హైస్కూలు మాది. నేను చదువుకున్నదీ అక్కడే. సోషల్ చెబుతాను. దాంతోపాటు ఏడాది పొడుగునా జరిగే కార్యక్రమాలన్నీ నా నెత్తినే ఉంటాయి. ఆగస్టు పదిహేనుకు జెండా కట్టించడం, లడ్డూలు తెప్పించడం. బతుకమ్మకు తంగేడు పూల కోసం పొద్దున్నే పరుగెత్తడం. బాలల దినోత్సవం, ఆటల పోటీలు, జనవరిలో మళ్లీ జెండా, వార్షికోత్సవంలో డాన్సులు, చివర్లో పదో తరగతి వాళ్లకు వీడ్కోలు. ఏ కార్యక్రమమైనా అయిపోయే వేళకు నేను గేటు దగ్గర ఉంటాను. చిన్నపిల్లల చెయ్యి వాళ్ల వాళ్ల చేతిలో పెట్టేదాకా కదలను. "మేడమ్ ఉంటే మాకు ఫికర్ లేదు" అంటారు తల్లులు. వాళ్లు దాన్ని బాధ్యత అనుకుంటున్నారు. అది భయం. ఆ మాట విన్న ప్రతిసారీ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను.

ఈ ఏడాది బడి తెరిచిన కొత్తలో స్టాఫ్ మీటింగ్ పెట్టారు. ఇప్పటి కరస్పాండెంట్ పాత పెద్దసార్ కొడుకు. స్వపరిపాలన దినోత్సవం మళ్లీ పెడదామన్నారు. పదో తరగతి పిల్లలు చీరలు, ప్యాంట్లు వేసుకొచ్చి ఒక్కరోజు టీచర్లయి కింది తరగతులకు పాఠాలు చెబుతారే, అది. అసలు మన బడిలో ఎందుకు ఆగిపోయిందని అడిగారు. లెక్కల మాస్టారు, నాకూ చెప్పినాయనే, ఎప్పుడో ఒక ఆయమ్మ నిర్లక్ష్యం వల్ల చిన్నపాప తప్పిపోయిందని, అప్పటి నుంచి బంద్ చేశారని చెప్పారు. చెప్పి నావైపు చూశారు. ఆ బ్యాచ్ నాదేనని ఆయనకు గుర్తుంది.

"అవును సార్" అన్నాను.

ఎవరూ నన్ను అడగలేదు. ఊరికే ఉన్నా సరిపోయేది. అయినా అన్నాను. పదిహేనేళ్ల పిల్లగా చేసిన తప్పు అని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి ఈ 'అవును' ఎన్నేళ్ల మనిషి అన్నది?

మా ఏడాది ఆ కార్యక్రమం బాలల దినోత్సవం నాడు జరిగింది. క్లాసులో మొదటి ర్యాంకు నాది. హెచ్.ఎం. కుర్చీ నాదేనని అమ్మ పట్టుచీర ఇస్త్రీకి కూడా ఇచ్చేశాను. అద్దం ముందు ఉపన్యాసం చెప్పుకున్నాను. అంతలో జ్వరం వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి వేషాలన్నీ పంచేశారు. హెచ్.ఎం. శ్రావ్య. మిగిలింది ఆయమ్మ వేషం ఒక్కటే. అదీ గొప్ప పోస్టేనమ్మా అని క్లాస్ టీచర్ అంటే క్లాసంతా గొల్లుమంది. నాకు తల తీసేసినట్టయింది.

నిజం ఆయమ్మ పేరు యాదమ్మ. నా వేషం చూసి నవ్వలేదు, మురిసిపోయింది. ఫస్టు వచ్చే పిల్ల తన వేషం కట్టిందని. కొంగు తనలాగే నడుముకు చెక్కి, మెటికలు విరిచి దిష్టి తీసింది. గంట కొట్టే ఇనుప కడ్డీ నా చేతికిచ్చి నేర్పింది. పీరియడ్‌కు ఒక్క దెబ్బ. ఇంటికి వదిలేటప్పుడు ఆపకుండా లాంగ్ బెల్.

"గా లాంగ్ బెల్ ఒక్కటి మాత్రం జర ఆగు బిడ్డా. ముందుగాల నేను గేటుకాడికి పోయి నిలబడి చెయ్యి ఊపుత. గప్పుడే కొట్టు. చిన్నపోరగాళ్లు ఆగరు, ఉరుకుతరు" అంది.

సరే అన్నాను. బాగా అర్థమైంది నాకు. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఆ రోజంతా శ్రావ్య హెచ్.ఎం. కుర్చీలో కూర్చుని టేబుల్ మీది చిన్న బెల్లు నొక్కుతూనే ఉంది. మంచినీళ్లు తెమ్మంది. చాక్‌పీసులు తెమ్మంది. కిటికీ తెరవమంది, మళ్లీ వేయమంది. మగపిల్లలు "ఓ ఆయమ్మా" అని మెట్ల మీది నుంచి పిలిచారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు కదా. శ్రావ్య కావాలని చేసిందా? ఇప్పుడు ఆలోచిస్తే కాదనే అనిపిస్తుంది. ఆడుకుంది, అంతే. నాకే కడుపు మండింది.

చివరి పీరియడ్‌లో పెద్ద తరగతులను ముందు ఆవరణలో కూర్చోబెట్టారు. చిన్నపిల్లలు కింది గదుల్లో ఉన్నారు. శ్రావ్య పట్టుచీర సర్దుకుంటూ ఉపన్యాసానికి లేచింది. నేను వరండాలో గంట పక్కన నిలబడ్డాను. గేటు వైపు చూశాను. యాదమ్మ లేదు. ఇంకా టైం కాలేదు. శ్రావ్య గొంతు సవరించుకుని 'ప్రియమైన విద్యార్థులారా' అంది. నేను అద్దం ముందు అనుకున్న మాటే. అది నాకు వినబుద్ధి కాలేదు. కడ్డీ ఎత్తి లాంగ్ బెల్ కొట్టాను.

ఆ మాటలు ఆ మోతలో కలిసిపోయాయి. ఆమె మొహం చూడాలని మెడ సాచాను. అప్పుడే ఎవరో నా కొంగు లాగారు. యూకేజీ పాప. హాసిని అందాం, అసలు పేరు రాయలేను. మెడలో నీళ్ల బాటిల్, చేతిలో ఆ రోజు ఇచ్చిన బెలూన్. ఏదో అడుగుతోంది, గంట మోతలో వినపడలేదు. మళ్లీ లాగింది.

"అక్కా, మమ్మీ వచ్చిందా?"

"వచ్చింది. గేటు బయట ఉంది, పో."

ఆ పిల్లను పక్కకు తప్పించడానికి అన్నాను. చేతిలోని బెలూన్ శ్రావ్య మొహానికి అడ్డమొస్తోందని. వాళ్లమ్మ వచ్చిందో లేదో నేను చూడను కూడా లేదు. పాప నవ్వింది. పరుగెత్తింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

వాళ్లమ్మ ఎప్పుడూ వచ్చే వేళకే స్కూటీ మీద వచ్చింది. పాప లేదు.

గదులన్నీ వెతికారు, బాత్రూములు వెతికారు, నీళ్ల సంపు మూత తీసి చూశారు. ఆ మూత తీసిన చప్పుడు నాకింకా వినపడుతుంది. చీరలు కట్టిన పదో తరగతి పిల్లలే సందుల్లో పడి హాసినీ హాసినీ అని అరిచారు. కొందరు అశోక్ నగర్ వైపు, కొందరు నారాయణగూడ వైపు. శ్రావ్య పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మెయిన్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, ఆఫీసులు వదిలే వేళ. ఆ తల్లి గేటు ఊచ పట్టుకుని, బ్రేకు చప్పుడు వినిపించినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది.

పెద్దసార్ నన్నూ యాదమ్మనూ ఆఫీసు గదిలోకి పిలిచారు.

"టైం కాకముందే బెల్ ఎందుకు కొట్టినవమ్మా?"

పబ్లిక్ పరీక్షలు, హాల్‌టికెట్, పోలీసులు, నాన్న, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. నిజం నాలుక చివరిదాకా వచ్చింది అని రాసుకుంటే బాగుంటుంది. కానీ రాలేదు. అబద్ధమే ముందొచ్చింది, ఎవరో రాసిచ్చినట్టు తడబడకుండా.

"యాదమ్మ గేటుకాడ నిలబడి చెయ్యి ఊపింది సార్. అందుకే కొట్టిన."

యాదమ్మ నావైపు తిరిగింది. కోపంగా కాదు. నేనేదో పొరబడ్డాననుకుంది.

"నేనెప్పుడు ఊపిన బిడ్డా? నేను గేటుకాడ లేనే లేను గదా. ఎనక టీ గ్లాసులు కడుగుతున్న. బెల్ ఇనే ఉరికొచ్చిన."

"గేటుకాడ లేవా?" పెద్దసార్ కుర్చీలోంచి లేచారు. "గేటుకాడ లేకుండ గ్లాసులు కడుగుతున్నవా? నీ డ్యూటీ ఏంది అసలు?"

"టైం కాలే గద సార్..."

"బయటికి పో."

అంతే. నా అబద్ధం పెద్ద పని చేయనే లేదు. ఆమె చెప్పిన నిజమే ఆమె కొంప ముంచింది. టైం కాలేదన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని అవును సార్, ఇంకా టైం కాలేదు అంటే అయిపోయేది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

వీధి దీపాలు వెలిగాక పాప దొరికింది. నారాయణగూడ మార్కెట్‌లో బండి మీద జామకాయలు అమ్మే ఒకామె ఏడుస్తున్న పిల్లను చూసి తన పక్కన కూర్చోబెట్టుకుందట. మెడలో బ్యాడ్జీ చూసి ఎవరో బడికి ఫోన్ చేశారు. అమ్మ స్కూటీలాంటిది కనపడితే దాని వెనకే నడుచుకుంటూ ఫ్లైఓవర్ దాకా వెళ్లిపోయిందట. దెబ్బలేమీ లేవు. ఆ ఫోన్ వచ్చినప్పటి సంగతి ఇంకొకటి ఉంది. అది కాసేపాగి రాస్తాను.

మర్నాడు యాదమ్మ రాలేదు. రావద్దన్నారు. ఆ పాపను వాళ్లవాళ్లు బడి మాన్పించారు. నేను పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను, బడి గేటు మీద నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు.

తరవాత టీచరు ఉద్యోగాల పరీక్ష కోచింగ్‌కు అశోక్ నగర్ వెళ్లేదాన్ని. అక్కడేదో హాస్టల్లో యాదమ్మ వంట చేస్తోందని ఎవరో అన్నారు. ఏ హాస్టల్ అని అడగలేదు. తెలిస్తే వెళ్లాల్సి వస్తుంది. తోటివాళ్లు మెస్‌లో తిందామంటే నాకు పడదని చెప్పి డబ్బా తెచ్చుకునేదాన్ని. ఏ వంటగది తలుపులోంచి ఆమె బయటికొస్తుందో, "బిడ్డా" అంటుందో. తిట్టినా తట్టుకోగలనేమో. ఆమె నన్ను గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, మళ్లీ మెటికలు విరిస్తే ఏం చేయాలి?

ఆ పాపకు ఇప్పుడు డిగ్రీ చదివే వయసు. నారాయణగూడలో కాలేజీలు వదిలే వేళకు నేను బస్టాపులో నిలబడను. ఆ ఆడపిల్లల్లో ఎవరైనా కావచ్చు. ఒకసారి ఆటోలో నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి కన్నార్పకుండా నన్నే చూసింది. మధ్యలోనే దిగిపోయాను. అయిదేళ్ల పిల్లకు ఏం గుర్తుంటుంది అని నన్ను నేను సముదాయించుకుంటాను. కానీ తప్పిపోయిన సాయంత్రాన్ని ఏ పిల్ల మరిచిపోతుంది? మమ్మీ వచ్చిందని చెప్పిన అక్కను ఏ పిల్ల మరిచిపోతుంది?

నవంబరు వస్తోంది. వేషాలు పంచాల్సింది నేనే. మీటింగ్‌లో లేచి నిజం చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను. చెబితే నా ఉద్యోగం ఉంటుందా, నా చేతిలో పిల్లల్ని పెట్టే తల్లులు ఏమంటారు, మా ఆయన ఏమంటాడు. చూశారా, ఇప్పటికీ నా లెక్కలన్నీ నా గురించే. అప్పుడూ అంతే. ఇందాక దాచిన మాట ఇక రాయాలి.

ఆఫీసు గదిలోంచి వచ్చాక నేను మెట్ల మీద కూర్చున్నాను. పక్కనే టీచర్లు చేతులు జోడించి దేవుళ్లందరికీ మొక్కుతున్నారు. నేనూ కళ్లు మూసుకున్నాను. అందరూ అనుకున్నారు నేనూ మొక్కుతున్నానని. నేను బెల్ కొట్టిన సంగతి అందరికీ తెలుసు. యాదమ్మ మాట ఎవరూ పట్టించుకోలేదు. కానీ మమ్మీ బయట ఉంది పో అన్న మాట ఆ పాప ఒక్కదానికే తెలుసు. అది వచ్చి చెబితే నా పని అయిపోతుంది. ఆ పిల్ల దొరకకూడదనుకున్నాను. కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, అదే కోరుకున్నాను. లోపల్నుంచి ఎవరో "దొరికింది, దొరికింది" అని అరుస్తూ వస్తే వాళ్లమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. నా గుండెల్లో రాయి పడింది.

నాకూ ఒక కొడుకున్నాడు. ఈ ఏడే యూకేజీలో వేశాం.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. భయం తగ్గిందా అంటే తగ్గలేదు. కానీ నేనేం కోరుకున్నానో ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.