ఓబులేసు కుడిచెయ్యి

2022లో అనంతపురంలో, మా ఇంటి మేడమీది గదిలో డ్రమ్స్ నేర్పేవాణ్ని. అంతకుముందు పన్నెండేళ్లు బెంగళూరులో ఫ్రీ జాజ్ వాయించాను. ముందే కట్టిన పాట గానీ, లెక్కపెట్టుకునే తాళం గానీ లేకుండా, పక్కవాళ్లను వింటూ అప్పటికప్పుడు పుట్టించే సంగీతం అది. అయినా నా చదువు లెక్కతోనే మొదలైంది. మా గురువు రెండేళ్లపాటు మెట్రోనోమ్ ముందు కూర్చోబెట్టారు. అది టక్కుటక్కుమని తాళం కొట్టే యంత్రం. రెండు చేతులూ సమంగా పలికేదాకా ఆయన వదల్లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లకూ నేను అదే పెట్టేవాణ్ని.

ఆ వేసవిలో శింగనమల దగ్గరి పల్లె నుంచి ఓబులేసు వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. ఉరుము అనే రెండు ముఖాల జానపద వాద్యం వాయించే కళాకారుడు. దాన్ని ఒకవైపు పుల్లతో రుద్దుతూ రెండోవైపు కొడతారు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కుడిచెయ్యి ఆలస్యంగా కదులుతోంది. ఊళ్లో ఆయనతో కలిసి వాయించే మేళంవాళ్లు ఆయన్ను పక్కన పెట్టేశారు.

"చెయ్యి ఉండాది సార్, పిలిచినప్పుడు రాదు. దీన్ని దారికి తెస్తావా?" అన్నాడు.

తెస్తానన్నాను. రెండు నెలలు నా డ్రమ్స్ మీద మెట్రోనోమ్‌తో సాధన చేయించాను. చెయ్యి ప్రతిసారీ వెనకబడింది. ఒకరోజు పుల్లలు కింద పెట్టేశాడు.

"ఇంగ చాలు సార్. ఇది టక్కుటక్కు అంటాంటే నన్ను ఎగతాళి చేసినట్టుండాది."

తోడొచ్చిన ఆయన భార్య లక్ష్మక్క, "ఇంట్లో మాట్లాడేది కూడా మానేసినాడప్పా," అంది.

నాకు సిగ్గేసింది. యంత్రం ఆపేశాను. "రేపు నీ ఉరుము తీసుకురా అన్నా. చెయ్యి ఎప్పుడొస్తే అప్పుడే కొట్టు. నేను వాయిస్తూ నీ వెంట వస్తా."

మర్నాడు ఆయన ఎడమచేత్తో పుల్లతో రుద్దుతుంటే గది గోడలు గుర్రుమన్నాయి. కుడిచెయ్యి లేచింది, ఆగింది, పడింది. ఆ దెబ్బ ఎప్పుడు పడుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. పన్నెండేళ్లలో నేనెప్పుడూ అంతగా చెవులు రిక్కించి వాయించలేదు.

"ఇది తప్పు కాదా సార్?"

"ఇట్ల వాయించేది నేర్చుకునేకి నాకు ఏండ్లు పట్టిందన్నా."

లక్ష్మక్క నవ్వింది. "ఊర్లో ఇట్ల కొడితే తరుముతారు!"

నిజమే. మేళం ఆయన్ను మళ్లీ పిలవలేదు. చెయ్యీ పూర్తిగా బాగుపడలేదు. కానీ ఆ చలికాలం ఒక చిన్న హాల్లో మేమిద్దరం నలభై నిమిషాలు వాయించాం. వేదిక దిగినప్పటి నుంచి ఓబులేసు ఇంటికెళ్లేదాకా ఆగకుండా మాట్లాడాడు.

వచ్చిన మనిషి చేతిని సరిచేయబోయే ముందు, అదేం పలకగలదో వినాలి. మొదటి రెండు నెలలూ నేను ఆ పని చేయలేదు. అందుకు ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.