నేను 'చెల్లెలా' అని దిద్దిన చోట

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, చిల్పూరు దగ్గర పత్తి చేనులో, నడుముకు కట్టుకున్న ఒడి సగం నిండాక, కాసేపు కూర్చుంటానని గట్టు మీదికి వెళ్లి మళ్లీ లేవలేదట. పెద్దమ్మ కూతురు, మా అక్క, ఫోన్ చేసినప్పుడు నేను జనగామలో మా బడి స్టాఫ్ రూములో అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "తమ్మీ, అవ్వ లేదురా" అన్నది. "ఏ అవ్వ?" అన్నాను. మా దిక్కు అవ్వంటే అమ్మ. మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఇంకా ఒక అవ్వ మిగిలి ఉన్నదన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్దాను. ఎవరో పిల్ల "మేము జాతరకు పోయినం" అని రాసింది. దాన్ని కొట్టేసి పైన ఎర్ర సిరాతో "వెళ్లాము" అని రాశాను. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

నేను తెలుగు సారును. దిద్దడం నా ఉద్యోగం. ఈ పత్రిక చదివే వాళ్లకు మాత్రం నేను పాటల మనిషిని. ఆరేళ్లుగా జనవరి సంచికలో "ఈ ఏడు నాకు నచ్చిన పాటలు" అని రెండు పేజీలు రాస్తున్నాను. "మీ చెవి గొప్పది సార్, ఎక్కడెక్కడి పాటలు పట్టుకొస్తారు!" అని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిని సిగ్గు లేకుండా దాచుకున్నాను. ఇప్పుడు చెప్పేస్తున్నాను. ఆ పాటల్లో ఒక్కటి కూడా నాకు నచ్చింది కాదు. అంటే నాకు నచ్చలేదని కాదు, ఏరింది నేను కాదు. అన్నీ మా పెద్దమ్మవి.

మొదటి ఏడు సంపాదకుడు ఉన్నట్టుండి అడిగాడు. నాకు తెలిసిన కొత్త పాటలన్నీ సినిమావే, అవీ అరకొరగా. ఆ వారం ఏదో పని మీద చిల్పూరు పోతే పెద్దమ్మ గడప మీద కూర్చొని కందికాయలు ఒలుస్తోంది. ఈ ఏడు ఏం పాటలు విన్నావు పెద్దమ్మా అని మాటవరసకు అడిగాను. "ఏడాది పాటలు ఒక్కపారే అడుగుతున్నవ్, కూసో మరి" అని నా ఒళ్లో నాలుగు పిడికిళ్ల కాయలు పోసింది. ఆమె ముందు ఎవరి చేతులూ ఊరికే ఉండకూడదు. ఒలుస్తూ, మధ్యమధ్యలో రాసుకున్నాను. ఆ నోటుబుక్కు నిండా ఇప్పటికీ పచ్చటి మరకలే.

ఆమెకు పాటలు చోట్లతో గుర్తు. ఫలానా పాట అనదు. "గది ఘన్‌పూర్ టేషన్ల రైలు కోసం కూసున్నప్పుడు ఒక గుడ్డాయన పాడింది" అంటుంది. "గిది కురవి జాతరల, కల్యాణం అయినంక ఎనుక నుంచి ఇనవడ్డది" అంటుంది. ఒక ఏడు అన్నిటికంటే పైన పెట్టమన్నది గాజులమ్మే ఖాలా పాట. ఆ ఖాలా ఆడపిల్లల చేతులు నొక్కి గాజులు ఎక్కిస్తూ, నొప్పి తెలియకుండా ఉర్దూలో ఏదో పెళ్లి పాట పాడేదట. దాని అర్థం ఏమిటి పెద్దమ్మా అంటే, "నాకేం ఎర్క? ఇంటికొచ్చి బియ్యం చెరుగుతుంటే కండ్లెంబడి నీళ్లొచ్చినయ్. ఇంకేం అర్థం గావాలె నీకు?" అన్నది. నేను ఆ పాట పక్కన 'భాషకు అతీతమైన వేదన' అని రాశాను. నలుగురు మెచ్చుకున్నారు.

నచ్చిన పాట ఏదో ఎట్ల తెలుస్తుంది అని ఒకసారి అడిగాను. "పని చేసుకుంట ఉంటె దానంతట అది రావాలె. యాది చేసుకుంటె వచ్చేది పాట కాదు, లెక్క" అన్నది. సినిమా పాటలంటే ఆమెకు కోపం లేదు గానీ, బస్సులో గట్టిగా పెట్టే పాటలను మాత్రం పాటల్లో కలపనిచ్చేది కాదు. "గది లొల్లి. లొల్లి రాసుకోకు" అని నా కలం పట్టుకునేది.

ఆమెకు చదువు రాదు. పత్రిక రాగానే అక్క చదివి వినిపించేది. మొదటి ఏడు విని, నేను పోయినప్పుడు నవ్వింది. "నా చెవులు తీసి నువ్వు అతికిచ్చుకున్నవా?" అన్నది. ఆ నవ్వు చూసి ఆమెకు పట్టింపు లేదనుకున్నాను. నాకు అనుకూలంగా ఉన్నది కాబట్టి అట్లనే అనుకున్నాను. రెండో ఏడు మాత్రం ఇంకో మాట అన్నది. "నా మాటకు చెప్పులు తొడిగినవ్ గద కొడుకా. కరుస్తున్నయ్ దానికి." ఆమె చెప్పిన పాటల్లో 'గిట్ల'ను 'ఇలా' అని, 'యాది'ని 'జ్ఞాపకం' అని మార్చింది నేనే మరి. పత్రికలో అట్ల ఉండదు పెద్దమ్మా అన్నాను. "ఉండదా?" అని కాయలు ఒలుచుకుంది.

ఏడాది కింద రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బళ్లు మూసి మేమంతా టెంటు కింద కూర్చున్నాం. ఒకరోజు మా అమ్మను చూద్దామని వచ్చిన పెద్దమ్మ టెంటు దగ్గరికి కూడా వచ్చింది. ఆ రోజు మాట్లాడేది నేనే. మన యాసను సినిమాల్లో తాగుబోతులకూ రౌడీలకూ పెట్టి నవ్వారు, మన మాటను మనకు కాకుండా చేశారు, రాష్ట్రం వస్తే మన మాట తల ఎత్తుకుంటుంది అని గొంతు చించుకున్నాను. ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చొని పెద్దమ్మ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. తర్వాత చాయ్ తాగుతుంటే మెల్లగా అడిగింది.

"మస్తు మంచిగ చెప్పినవ్. మరి నా పాటల కాడికొచ్చేసరికి నువ్వే ఎందుకు దిద్దుతవ్?"

నేను నవ్వి ఇంకో చాయ్ చెప్పాను. ఇప్పుడూ దిద్దుతూనే ఉన్నాను. ఇంత రాస్తూ కూడా 'అమ్మ' అని రాస్తున్నాను, పుట్టినప్పటి నుంచి పిలిచింది 'అవ్వా' అనే.

ఆ సమ్మె రోజుల్లోనే మా అమ్మ పోయింది. బస్సుల్లేవు, ఆ రోజు రైళ్లు కూడా ఆపారు. అక్కకు ఫోన్ చేస్తే, "అవ్వ ఇన్నది ఇన్నట్టే బయలెల్లింది, ఆగమన్నా ఆగలే" అన్నది. చిల్పూరు నుంచి ఘన్‌పూర్, అక్కడి నుంచి రోడ్డు పట్టుకొని రఘునాథపల్లి దాకా నడిచే వచ్చింది. అక్కడ ఎవరో ట్రాక్టరు ఎక్కించుకున్నారు. మేము మధ్యాహ్నం దాకా చూశాం. ఇంక ఉంచొద్దు అని పెద్దలు అంటే సరే అన్నది నేనే. పొద్దు గూకే వేళకు వచ్చింది. వాకిట్లో నీళ్లు చల్లి ఉండడం చూసి, "తీస్కపోయిన్రా?" అని మాత్రం అడిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. కాళ్లు కడుక్కొని, అమ్మ మంచం ఉండే చోట నేల మీద కూర్చుంది. ఆమె మడమలు పగిలి ఉన్నాయి.

పదకొండో రోజు వంటకు బియ్యం కడుగుతూ ఏదో పాడుకుంటోంది. ఏం పాట పెద్దమ్మా అన్నాను. "నాదే. తొవ్వల వచ్చింది" అన్నది. ఇన్నేళ్లలో తనది అని ఒక్క పాట చెప్పడం అదే మొదటిసారి. నోటుబుక్కు తెచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె పాడింది, నేను రాశాను. వరుసల చివర ఒక పేరు ఉన్నది. మా అమ్మ పేరు కాదు, చిన్న పిల్లలను పిలుచుకునే మాట లాంటిది.

"గీ పేరు ఏంది?" అన్నాను.

"మీ అవ్వనే. చిన్నప్పుడు ఇద్దరం ఒక్క గొంగట్ల పండుకునేది. గప్పుడు నేను పెట్టిన పేరు. దాని లగ్గమైనంక ఇగ అట్ల పిలువద్దు, అత్తగారోల్లు నవ్వుతరు అని మా అవ్వ అన్నది. ఇడిసిపెట్టిన. నడుసుకుంట వస్తుంటె మల్ల నోట్లెకొచ్చింది."

"సదివేటోల్లకు ఎవ్వలకు సమజ్ గాదు పెద్దమ్మా."

"ఆల్లకెందుకు? మీ అవ్వకు సమజైతది."

నేను ఆ మాట కొట్టేసి 'చెల్లెలా' అని రాసుకున్నాను. ఆమె ఎదుటనే రాశాను. ఆమెకు చదవడం రాదు కదా.

"ఈ ఏడు పాటల్ల దీన్ని జర పెట్టు. అన్నిటికన్న కింద పెట్టినా ఏం లేదు" అన్నది. సరే అన్నాను. ఆరేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

పెట్టలేదు. బస్సులు బంద్ అయ్యాయి, చెల్లె మొఖం చూడలేకపోయాను అని ఉన్నది పాటలో. టెంటులో నా పక్కన కూర్చున్న వాళ్లు చదివితే ఏమనుకుంటారు, సమ్మెను తప్పు పట్టాడు అంటారు అని భయపడ్డాను. స్థలం సరిపోలేదని పెద్దమ్మకు అబద్ధం చెప్పాను. ఆ సంచిక వచ్చిన రోజు అక్క మొత్తం చదివాక, "అయిపోయిందా? ఎనుక పేజీల సూడు బిడ్డా, చిన్న అక్షరాలుంటయేమో" అన్నదట. అక్క వెనక పేజీలన్నీ తిప్పి చూపించిందట. ఈ సంగతి అక్క నాకు మొన్న చెప్పింది, పెద్దమ్మను సాగనంపి వచ్చాక.

అబద్ధం నాలో ఎక్కువ రోజులు నిలవలేదు. ఎండాకాలంలో పోయినప్పుడు అసలు కారణం చెప్పాను. "నేను ఎవ్వలనూ తప్పు పట్టలే కొడుకా. నేను సుత టెంట్ల కూసున్నదాన్నే గద. నడిచిన అని చెప్పిన, గంతే" అన్నది. తర్వాత లేచి నాకు మజ్జిగ తెచ్చింది.

రెండు నెలల కింద తానే ఫోన్ చేయించింది. "ఈ ఏడు పాటలు జమైనయ్, ఎప్పుడొస్తవ్?" పరీక్షలు కానీ పెద్దమ్మా, సెలవుల్లో వస్త అన్నాను. "నాది యాదున్నదా?" ఉన్నది, ఈసారి తప్పకుండా పెడ్త అన్నాను. "కాయితం పోలే గద?" పోలేదు అన్నాను.

నిజంగానే పోలేదు. దినం అయ్యాక ఇంటికి వచ్చి నోటుబుక్కు తీశాను. 'బస్సులు ఆగిపోయాయి చెల్లెలా, బాట నాదైపోయింది' అని ముత్యాల్లాంటి అక్షరాలు. బయటికి పాడి చూశాను. రెండో మాటకే రాగం తెగిపోయింది. మిగతా మాటలు ఎట్లనో తంటాలు పడి వెనక్కి తెచ్చుకున్నాను, ఆయెనే పోయెనే అని. ఆ పేరు మాత్రం రాలేదు. కొట్టేసిన గీత కింద ఏమన్నా కనిపిస్తుందేమో అని దీపానికి అడ్డం పెట్టి చూశాను. అడ్డంగా మూడు గీతలు, ఒత్తి కొట్టాను. పిల్లల తప్పులు అట్లనే కొడతాను నేను. మా అమ్మను ఈ లోకంలో ఆ పేరుతో పిలిచింది పెద్దమ్మ ఒక్కతే. విన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. అక్కను అడిగితే, "మా ముందల చెల్లె అనే అనేది తమ్మీ, ఇంకో పేరున్నట్టే నాకు ఎర్క లేదు" అని నాతోపాటు ఏడ్చింది.

చేనులో ఆమెతో కలిసి పత్తి ఏరిన వాళ్లకు తెలుస్తుందేమో అని అక్కే చెప్పింది. పోయిన ఆదివారం పోయాను. నలుగురు ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. పాట సంగతి ఎత్తగానే పెద్దావిడ మొఖం విప్పారింది. "గదెందుకు రాదు సారూ, ఏడాది సంది మా అందరికి నేర్పింది" అని, చేతులు ఆపకుండానే ఎత్తుకున్నది. మిగతా ముగ్గురూ అందుకున్నారు.

బండ్లు బందాయెనే, ఊ...
బాట నాదాయెనే, ఊ...
పొద్దు నా కాళ్లకిందనే కరిగిపోయెనే
నీ మొకం సూడకుంట నేనెట్ల మర్లుదునే, ఊ...

నేను ఆపాను. "ఆ ఊ అనే కాడ ఒక పేరుండాలె. ఏం పేరు అది?"

వాళ్లు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. "గక్కడ మాట లేదు సారూ" అన్నది పెద్దావిడ. "గాడికి రాంగనే ఆమె ఊ అనే అనేది. ఒకపారి నేనే అడిగిన, ఇదేంది మాట మింగుతున్నవ్ అని. ఎవ్వలకు సమజ్ గాదట, మా తెలుగు సారు కొడుకు చెప్పిండు అన్నది."

ఆ తెలుగు సారు నేనేనని వాళ్లకు తెలియదు. నేనూ చెప్పలేదు. పెద్దమ్మా, నాకు సమజైంది, ఇప్పుడు సమజైంది అని ఆ చేను మధ్యలో అరవాలనిపించింది. ఎవరికని అరవను?

ఈ ఏడు నాకు నచ్చిన పాట ఇదొక్కటే. ఆమె చెప్పినట్టే వేస్తున్నాను, ఒక్క అక్షరం దిద్దకుండా. ఇంకా ఏవేవో పాటలు జమ చేసిపెట్టింది నా కోసం. అవేవో నాకు తెలియదు.

వాళ్లు మళ్లీ పనిలో పడ్డారు, పాట మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఊ దగ్గరికి వచ్చినప్పుడల్లా నలుగురి నోళ్లూ ఒక్కసారే మూతపడుతున్నాయి. చేతులు మాత్రం ఆగడం లేదు. నేను గట్టు మీద నిలబడి, అక్కడికి వచ్చిన ప్రతిసారీ నోరు తెరిచాను. వాళ్లు వరుస చివరిదాకా పోయి, మర్లి, నా దాకా వచ్చారు. అప్పటికీ ఏమీ రాలేదు.