బెంగళూరు పెద్దదా, హైదరాబాదు పెద్దదా?

ఈ పొద్దు విత్తనపు శనగకాయల గంప దేవుని పటం ముందర పెట్టి పూజ చేసుకుంటాంటే, నా తమ్ముళ్లిద్దరూ జనాభా మీద వాదనకు దిగినారు. పెద్దోడు ఉండేది బెంగళూరులో, చిన్నోడు ఉండేది హైదరాబాదులో. ఎవరి ఊరు చిన్నదైతే వాళ్లు గంపెడు కాయలూ ఒలవాలని పందెం.

“చుట్టూ ఉండే ఊర్లు కలిపితే మాదే పెద్దది” అన్నాడు చిన్నోడు.

“అట్లయితే నేను హిందూపురం గూడా కలుపుకుంటా లేప్పా” అన్నాడు పెద్దోడు.

ఫోన్లలో చూసినా తేలలేదు. పటం మీద పువ్వు పెట్టి స్వామినే అడగమన్నారు. కుడి పక్క పడితే బెంగళూరు, ఎడమ పక్క పడితే హైదరాబాదు. కండ్లు మూసుకొని మొక్కినాను. పువ్వు నేరుగా జారి గంపలో పడింది.

“స్వామి ఏమన్నాడక్కా?”

“ఇద్దర్నీ ఒలవమన్నాడు.”

ఒలుస్తాండారు, వాదన మాత్రం ఆగలేదు. చెన్నైవాళ్లెవరైనా మాదే పెద్దదంటే చెప్పండి, ఇంకో గంప ఉండాది.