వెలిసిపోని పసుపు

యజ్ఞనారాయణ గారి కంట పడిన మొక్క ఉడక్కుండా బతికి బట్టకట్టిన దాఖలా లేదు. ముప్పయ్యేళ్లు ఫార్మా కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషి, తామున్న పిస్కాటవే ఊరి రోడ్ల పక్కన కలుపు కోసుకొచ్చి, పటిక నీళ్లలో నానబెట్టిన ఉన్ని దారంతో కలిపి ఉడకేసేవారు. గోల్డెన్‌రాడ్ పూలు వేస్తే దారానికి పసుపు రంగు వచ్చేది. బర్చ్ చెట్టు ఆకులు వేసినా పసుపే. ఆపిల్ బెరడు వేసినా పసుపే. ప్రతిసారీ ఆయన లాటరీ తగిలినట్టు సంబరపడిపోయేవారు.

"పసుపే కావాలంటే పోపులపెట్టెలో ఉంది కదండీ! ఒక చెంచాడు వేస్తే పోలా?" అనేది భార్య ప్రమోద.

"అది ఎండకి వెలిసిపోతుందే. నాది వానకీ మంచుకీ కూడా నిలుస్తుంది."

"నిలిచి ఎవర్ని ఉద్ధరించాలిట?"

ఆయన గరిటె అందుకుని గిన్నె కలపడంలో పడిపోయేవారు.

ఒకసారి పెళ్లికి వెళ్తూ, డ్రైవ్ చేస్తున్న ప్రమోదని "ఆపు, ఆపు!" అని కంగారు పెట్టి, సూటుతోనే గట్టు దిగిపోయారు. పోలీసాయన వచ్చి సంగతేమిటని అడిగితే, పట్టుచీరలో ప్రమోద, "మై హజ్బెండ్ ఈజ్ షాపింగ్, ఆఫీసర్" అంది.

2012 అక్టోబరులో కాలనీ అసోసియేషన్ నుంచి అందరికీ ఈమెయిల్ వచ్చింది. ఎవరో దీపస్తంభాలకి పసుపు దారాలు కడుతున్నారట, శనివారం తీయించేస్తారట. ప్రమోదకి తల కొట్టేసినట్టయింది. ముందుగా తనే విప్పేద్దామని పార్కు దగ్గర మొదలుపెట్టబోయి, ఇవి ఎక్కడిదాకా ఉన్నాయో చూద్దామని వాటి వెంటే నడిచింది. చివరి దారం అదే కాలనీలో ఉండే పరంధామయ్య గారి గుమ్మం ముందుంది.

పెద్దాయనకి ఈమధ్య మతిమరుపని, గుమ్మంలో కూర్చున్న ఆయనే చెప్పారు. ఒకే అచ్చులో పోసినట్టున్న ఆ టౌన్‌హౌసుల మధ్య దారి తప్పారని, కొడుకు కేశవరావు ఆయన నడక మాన్పించేశాడట.

"మీవారి పుణ్యమా అని మళ్లీ నా అంతట నేను తిరుగుతున్నానమ్మా. పసుపు చూసుకుంటూ ఇంటికొచ్చేస్తున్నా. నా మతిమరుపు సంగతి నీక్కూడా చెప్పనని మాటిచ్చాడు పాపం," అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "శనివారం తీసేస్తారటగా? మావాడు మళ్లీ బయటికి పోనివ్వడేమో" అన్నారు.

ప్రమోదకి భర్త మీద ఒక్కసారిగా బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. నేరుగా అసోసియేషన్ ఆఫీసుకి వెళ్లి, "అది మా కస్టమ్. పసుపు దారం కడితే వీధికి శుభం" అని చెప్పింది. పెద్దాయన పేరు ఎత్తలేదు. వాళ్లు ముచ్చటపడి ఒప్పుకున్నారు.

మర్నాడు యజ్ఞనారాయణ గారు రొప్పుకుంటూ ఇంటికొచ్చారు.

"ఏం చెప్పావే వాళ్లకి? కాలనీ కాలనీ అంతా మాక్కూడా కట్టమని వెంటపడుతోంది! పరంధామయ్య గారు నీకంతా చెప్పేశారటగా, మరి అన్నిటికీ పసుపైతే ఆయన ఎవరింటికి పోతారు?"

ప్రమోద నవ్వాపుకుంటూ కారు తాళాలు అందుకుంది.

"పదండి. పార్కు వెనక వాల్‌నట్ కాయలు రాలున్నాయి. వాటి తొక్క ఉడికిస్తే పసుపు కాకుండా కాఫీపొడి రంగు దిగుతుందని మీరు ముట్టుకోరుగా? కాలనీ అంతా ఆ రంగు దారమే కడదాం. పసుపు మాత్రం పెద్దాయనకే!"