వచ్చే గురువారం పులిహోర

మొన్న ఇక్కడ అమెరికాలో, మా చాండ్లర్‌లో అరబ్బు దుకాణంలో ఖర్జూరాలు ఏరుకుంటుంటే, పక్కనున్నావిడ ఫోన్‌లో "రాహ్ అజీ, రాహ్ అజీ" అంటోంది. వస్తానని. ఇరాకీ మనిషే అని పోల్చుకుని గర్వపడ్డాను. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేక మళ్ళీ ఖర్జూరాల మీద పడ్డాను.

ఇంకా మడతఫోన్లు వాడుతున్న రోజుల్లో, మా ఆవిడ చనిపోయిన ఏడాది, లైబ్రరీలో అరబిక్ క్లాసులో చేరాను. "డాడీ, టెంపుల్‌లో యోగా ఉంది కదా, అది జాయిన్ అవ్వొచ్చు కదా!" అని మా అమ్మాయి ఫోన్‌లో విసుక్కుంది. యోగాలో అందరూ కళ్ళు మూసుకుంటారు. నాకు మాట్లాడే మనుషులు కావాలి.

పాఠం చెప్పేది ఈజిప్టు పంతులమ్మ. సాయానికి ఒక ఇరాకీ పెద్దావిడ టీ ఫ్లాస్కుతో వచ్చేది. జరగబోయేది చెప్పాలంటే క్రియ ముందు "హ" తగిలించమని పంతులమ్మ, కాదు "రాహ్" అనాలని పెద్దావిడ, వారం వారం పేచీ. మొరాకోలో "ఘాదీ" అంటారట, గల్ఫ్‌లో "బ" చాలట. మీరేం చేయబోతున్నారో చెప్పండి అని పంతులమ్మ నన్నడిగితే ఒక్క పనీ తోచలేదు. నిజంగానే లేదు. నోటికొచ్చింది అనేశాను: "వచ్చే గురువారం పుల్లటి అన్నం వండుతాను."

ఆ సంగతి అక్కడే మర్చిపోయాను. వారం తిరిగి వెళ్ళేసరికి బల్ల మీద కాగితం పళ్ళేలు పరిచి ఉన్నాయి. "మధ్యాహ్నం తినలేదు ఉస్తాద్, నీ అన్నం కోసం," అంది పెద్దావిడ.

"అది ఉత్త ప్రాక్టీసు వాక్యమండీ!"

"అన్నం పెడతానని ఉత్తినే ఎవరంటారు?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చే గురువారం తప్పకుండా తెస్తానని చెప్పి వచ్చాను.

మా ఫ్రీజర్‌లో ఒక డబ్బా ఉండేది. ఆసుపత్రికి వెళ్ళేముందు మా ఆవిడ కాచి పెట్టిన పులిహోర పులుసు. "ఉండనీండి, ఎప్పటికైనా పనికొస్తుంది," అంది. వాడితే అయిపోతుందని ముట్టుకోలేదు. ఆ వారమంతా డబ్బా తీయడం, మళ్ళీ పెట్టేయడం. చివరికి గురువారం పొద్దున కరగబెట్టాను. అన్నం ముద్దయింది, పల్లీలు మాడాయి, పులుసులో మాత్రం ఆవిడ చేతి రుచి అలాగే ఉంది.

పెద్దావిడ రెండుసార్లు పెట్టించుకుంది. "ఈ పులుపు నీ చేతిది కాదు. చేసినావిడని తీసుకురాలేదేం?"

ఆవిడ ఇక లేదన్నాను. పెద్దావిడ అడుగున మిగిలింది ఊడ్చి నా పళ్ళెంలో వేసి, తినమంది. ఏడుపొచ్చింది, అయినా తిన్నాను.

తర్వాత క్లాసు ఆగిపోయింది, వాళ్ళిద్దరూ ఊళ్ళు మారిపోయారు. ఖాళీ డబ్బాలో ఇప్పుడు ఖర్జూరాలు పోసుకుంటున్నాను. ఎప్పటికైనా అని మా ఆవిడ ఏ రోజు కోసం పులుసు దాచిందో ఆ రోజు, ఒక గురువారం సాయంత్రం వచ్చి, తిని, వెళ్ళిపోయింది.